కీర్తిశేషులు గులాం అలీ, నాలుగో వరుస

మా బ్యాంకులో బీమా అమ్మకాలకు దేశం మొత్తం మీద అధిపతి దుర్గం పోశం గారు. ఆయన గోదావరిఖనికి వస్తున్నారని కబురు అందిన రోజు మా బ్రాంచిలో రెండు వింతలు జరిగాయి. వేసవి అంతా పనిచెయ్యని ఏసీ పనిచేసింది. మేనేజర్ వేంకటరమణ సార్ నన్ను లోపలికి పిలిచి కూర్చోమన్నారు. ఉద్యోగంలో చేరిన తర్వాత ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"నువ్వు చదివింది తెలుగు మీడియమే కదా?" అని అడిగారు.

"అవును సార్. బీకాం."

అప్పటివరకు అది నా లోపం. ఆ రోజు నుంచి అర్హత అయింది. పోశం గారి ప్రస్థానం గురించి ఒక పేజీ తెలుగులో రాసి, సభలో నేనే చదవాలట. దానితో పాటు ఇంకో పని కూడా ఉంది. ఆ సంగతి చెప్పడానికి సార్ హెడ్డాఫీసుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. అవతల ప్రచార విభాగం చూసే మనీష మేడం.

"గులాం అలీ గారి విడో అక్కడే ఎక్కడో ఉంటారు. షహజాదీ బేగం. ఆమెను వెతికి స్టేజి మీదికి తీసుకురండి. చైర్మన్ సర్ స్వయంగా శాలువా కప్పుతారు. మీ కన్ఫర్మేషన్ నా టేబుల్ మీదే ఉంది. ఈవెంట్ బాగా జరిగితే పోశం సర్ అక్కడే సైన్ చేస్తారు," అన్నారు మేడం.

నేను ఇంకా పర్మనెంటు కాలేదు. ప్రొబేషన్ ముగిసి చాలా కాలమైంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే. మా నాయిన బుచ్చన్న బతుకంతా గనిలో తట్టతో, చెమ్మసు అనే పారతో బొగ్గు నింపాడు. బొగ్గు అంటకుండా జీతం తెచ్చే మనిషి ఇంట్లో ఒకడుండాలని ఆయన కోరిక. ఇతర ఇళ్లల్లో సాయంత్రం కొడుకు రాగానే "తిన్నవా?" అని అడుగుతారు. మా నాయిన "పర్మనెంట్ అయినవా?" అని అడుగుతాడు. నేను "ఇంక లేదు నాయిన" అంటాను. ఆ తర్వాతే తింటాం.

కాబట్టి ఆ పేజీ శ్రద్ధగా రాశాను.

పోశం గారి ప్రస్థానం నిజంగానే గొప్పది. ఆయన మన గోదావరిఖనిలో బీమా ఏజెంటుగా మొదలుపెట్టారు. తర్వాత కరీంనగర్, ఆ తర్వాత హైదరాబాద్. ప్రైవేటు బీమా కంపెనీలు వచ్చినప్పుడు ఒకదానిలోకి, అక్కడి నుంచి ఇంకోదానిలోకి, చివరికి బ్యాంకులోకి వచ్చి ముంబైలో కూర్చున్నారు. ఆయన ఎక్కడున్నా ఆ సంస్థ అమ్మకాలు పెరిగాయి, ఆయన వెళ్లిపోగానే పడిపోయాయి. రెండింటికీ కారణం ఆయనే అని అందరూ ఒప్పుకుంటారు. కట్టలేక జనం పాలసీలు వదిలేసుకునే సమయానికి ఆయన ఎప్పుడూ పదోన్నతి మీద వేరే చోట ఉండేవారు. దీన్ని మా శిక్షణలో దూరదృష్టి అని చెప్పారు.

మధ్యలో కొన్నేళ్లు ఆయన పేరు డి. పి. సోమ్. పోశం అంటే పెద్ద హోటళ్లలో జనం రెండోసారి అడుగుతున్నారని మార్చుకున్నారు. తర్వాత కాలం మారింది. కింది నుంచి పైకొచ్చిన వాళ్లకు వేదికల మీద గిరాకీ పెరిగింది. లింక్డ్‌ఇన్‌లో ఆయన మళ్లీ పోశం అయ్యారు.

అయితే ఆయన్ను ఇంత పైకి తెచ్చింది పేరు కాదు, గులాం అలీ. నేను ఉద్యోగంలో చేరినప్పుడు శిక్షణలో మొదటి రోజు చూపించిన వీడియో అదే. పోశం గారు వేదిక మీద ఒంటరిగా నిలబడి, గొంతు తగ్గించి చెబుతారు.

"గోదావరిఖనిలో నాకు గులాం అలీ అని ఒక అన్న ఉండేవాడు. గనిలో పని. పాలసీ తీసుకో అన్నా అంటే, రేపు సంతకం పెడతానన్నాడు. సరే రేపు అన్నాను. ఆ మర్నాడు గనిలోకి దిగిన గులామన్న పైకి రాలేదు. వాకిట్లో షహజాదీ వదిన నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి నేను ఎవరితోనూ 'సరే రేపు' అనలేదు. మీరు అంటారా?"

మేమందరం ఏడ్చాం. నేను మా నాయిన పేరు మీద ఒకటి, నన్ను కన్న అవ్వ పేరు మీద ఒకటి పాలసీ చేయించాను. తక్కినవాళ్లు కూడా తలా రెండు చేయించారు. మా మొదటి నెల టార్గెట్ ఆ కన్నీళ్లతోనే పూర్తయింది.

ఇప్పుడు గని కార్మికుల కోసం 'గులాం సురక్ష' అని కొత్త పథకం వస్తోంది. దాన్ని కథ పుట్టిన చోటే మొదలుపెట్టాలని మనీష మేడం ఆలోచన. పోశం గారు పెద్దపల్లిలో పెడదామన్నారట, కరీంనగర్‌లో పెడదామన్నారట, చివరికి హైదరాబాద్ అయినా సరే అన్నారట. చైర్మన్ గారికి మాత్రం గోదావరిఖనే నచ్చింది. మా ఎండీ కుర్చీ త్వరలో ఖాళీ అవుతోంది. ఎవరిని కూర్చోబెట్టాలో చైర్మన్ ఆ సభ చూసి తేలుస్తారని బ్యాంకంతా అనుకుంటోంది.

నేను వెతకడం మొదలుపెట్టాను.

మా దగ్గర గనిలో పోయిన మనిషి గురించి అడిగితే రెండు ప్రశ్నలు ఎదురొస్తాయి. ఏ గని? ఏ షిఫ్టు? నా దగ్గర రెండింటికీ జవాబు లేదు. యూనియన్ ఆఫీసులో అడిగాను. మసీదు కమిటీ వాళ్లను అడిగాను. యూనియన్ ఆఫీసులో ఒక పెద్దమనిషికి కోపం కూడా వచ్చింది.

"గనిల పోయినోళ్లను మేము మర్సిపోతమా తమ్మీ? ఒక్కొక్కళ్ల పేరు చెప్పుమంటే చెప్త. గులాం అలీ అనేటోడు పోలే. నువ్వు ఎవని మాట పట్టుకొని తిరుగుతున్నవ్?"

ఇంటికి వచ్చి, చనిపోయిన గులాం అలీ ఎవరని నాయినను అడిగాను. ఆయన వాకిట్లో తన ఎక్సెల్ బండి తుడుస్తున్నాడు.

"ఏ గులాం అలీ? పంపు ఖలాసీ గులామా?"

"ఏమో నాయిన. భార్య పేరు షహజాదీ బేగం."

"ఆయననే. ఎప్పుడు సచ్చిపోయిండు? పొద్దుగాల్లనే ఈ బండి బ్రేకులు బిగిచ్చిండు గద."

"పొద్దున కాదు. ముప్పై ఏండ్ల కిందట్నే చనిపోయిండట."

నాయిన కాసేపు బండి వైపు చూశాడు. "గట్లనా. అయితే బ్రేకులు ఇంకోపారి చూపియ్యాలె," అన్నాడు.

నాయిన పంపిన చోటు బస్టాండ్ వెనక, ఇంటి ముందు రేకులు దించుకున్న మెకానిక్ షాపు. తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన పెట్రోలు గిన్నెలో కార్బొరేటర్ కడుగుతున్నాడు. కళ్లజోడుకు దారం కట్టి ఉంది.

"చాచా, షహజాదీ బేగం గారి ఇల్లు ఎక్కడ?"

"ఇదే. ఏం పని?"

"ఆమె భర్త గులాం అలీ గారు..."

"నేనే. చెప్పు."

"మీరు కాదు చాచా. చనిపోయిన గులాం అలీ గారు."

ఆయన కార్బొరేటర్ పక్కన పెట్టాడు. నేను ఎవరి కొడుకునని, ఎక్కడ పనిచేస్తానని అడిగాడు. చెప్పాను. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఇంట్లోకి కేకేశాడు.

"షహజాదీ, పోశం మనిషి వచ్చిండు. నేను సచ్చిన గద, గా పని మీద."

లోపలి నుంచి జవాబు వచ్చింది. "మల్ల సచ్చినవా? ఈ సారన్న బియ్యం తెచ్చినంక సావు."

తర్వాత ఆమే చాయ్ తీసుకుని వచ్చింది. చేతి నిండా గాజులున్నాయి. నేను తలొంచుకుని చాయ్ తాగాను. నేను వెతకవలసిన విధవ ఆమే కదా, మొహం చూడాలంటే ఏదోలా అనిపించింది. అప్పుడు గులాం అలీ చాచా తాను చనిపోయిన సంగతి చెప్పాడు.

గనిలోకి దిగే మనిషి లాంపు రూములో తన నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక బిళ్ళ ఇంకా మేకుకు వేలాడుతూ ఉంటే ఆ మనిషి లోపల ఉన్నట్టు. ఇంకే సాక్ష్యమూ చెల్లదు.

"ఆ రోజు పెద్దపల్లిల మా దోస్తు లగ్గం," అన్నాడు చాచా. "నాది ఫస్ట్ షిఫ్టు. నేను నీళ్లు తోడే పంపు కాడికెంచి పక్క గని దారి దగ్గర. ఆ దారి పట్టి పైకొస్తే రోడ్డే. ఇంకో దోస్తు లారీ పెట్టుకొని నిలవడ్డడు. లాంపు ఇచ్చెటందుకు మల్ల మా గని దాక ఎవడు నడుస్తడు? రేపు ఇస్తమని, ఇంట్ల కూడ చెప్పకుంట, నడుముకు పెట్టుకునే లారీ ఎక్కిన."

"ఒక్క లాంపు కోసం వాడకట్టంత ఏడ్చింది," అంది చాచీ. "సైరన్ కూసింది. లోపలికి మనుషుల్ని తోలిన్రు. నా చేతిల రొట్టె పిండి అట్లనే ఉన్నది. పోశం అప్పుడు పిలగాడు. మా ఇంట్ల తిని, మా ఇంట్ల పండి, మాకే పాలసీ అమ్ముతుండె. నాకంటె ఎక్కువ ఏడ్చిండు. తెల్లారి కరీంనగర్‌ల క్లాసు ఉందని, ఏడ్చుకుంటనే బస్సెక్కిండు."

"మరి మీరు ఎప్పుడొచ్చారు చాచా?"

"దావత్ అయినంక. అక్కడ కరెంటు పోతే నా లాంపు పెట్టుకునే బిర్యానీ వడ్డించిన్రు. మీ చాచీకి కూడ ఒక గిన్నె కట్టిచ్చిన. తెల్లారి పొద్దుగూకంగ లాంపు ఎలిగించుకొని వాడల అడుగుపెట్టిన. ఏడ్చుడు బందువెట్టి తిట్టుడు మొదలువెట్టిన్రు. మీ నాయిన అయితే చెప్పు కూడ తీసిండు. కంపెనీ చార్జిషీట్ ఇచ్చింది. సావనందుకు చార్జిషీట్ తీసుకున్నది నేనొక్కడినే."

పోశం గారు మరుసటి రోజు కరీంనగర్ క్లాసులో లేచి నిలబడి, గులామన్న పైకి రాలేదని చెప్పారట. క్లాసు క్లాసంతా ఏడ్చింది. క్లాసు చెప్పే పెద్దాఫీసరు కూడా కళ్లు తుడుచుకుని, హైదరాబాద్‌లో కూడా ఇది చెప్పాలని అక్కడికక్కడే రాసుకున్నాడట.

"వారం దినాలకు ఊరికొచ్చిండు," అన్నాడు చాచా. "నేను గీన్నే కూసోని చాయ్ తాగుతున్న. నన్ను చూసి ఎగిరి అలుముకున్నడు. చాన సంతోషపడ్డడు. కని ఆ సంతోషంల జర ఏదో కమ్మీ ఉండె."

"పాలసీ సంగతి చెప్పు," అంది చాచీ.

"ఆఁ, పాలసీ. బుద్ధొచ్చింది పోశం, కాగితం తే, సంతకం పెడ్త అన్న. తలకాయ దించుకున్నడు. 'వద్దన్నా, నువ్వు తీసుకుంటే ముచ్చట ఖరాబైతది' అన్నడు. ఇగ నేను కూడ జోర్ చెయ్యలే. పోనీ, పిలగాడు పైకొస్తున్నడు గద."

గోదావరిఖనిలో పోశం గారు పాలసీ అమ్మని మనిషి ఈయన ఒక్కడే అయి ఉంటాడు.

నేను సభ సంగతి చెప్పాను. శాలువా సంగతి చెప్పాను. చాచీ గ్లాసులు సర్దుతూ ఆగింది.

"నన్ను రాండదాన్ని చేసి శాలువా కప్పుతరా? నేను రాను బేటా. ఇన్నేండ్లు ఈయనకు వండిపెట్టి బతికించిన. ఒక్క శాలువాకు ఎట్ల సంపుకుంట?"

అది న్యాయమే. ఇక నా సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది, కానీ నాకు ఇంకో దారి తెలియలేదు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"బుచ్చన్న కొడుకు నౌకరి మీదికొచ్చిందా," అన్నాడు చాచా. "సరే. స్టేజి మీదికి రాం. కని పోశాన్ని చూసి చాన ఏండ్లయింది. ఎనక కూసొని చూసిపోతం. నేను సప్పుడు చెయ్య. సచ్చినట్టే ఉంట."

మర్నాడు వేంకటరమణ సార్‌కు అంతా చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చారు.

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"మా నాయినకు తెలుసు సార్."

"గులాం అలీకి తెలుసా?"

"ఏది సార్?"

"తను బతికి ఉన్నట్టు."

"ఆయనకు మొదటి నుంచీ తెలుసు సార్."

సార్ తల పట్టుకుని మనీష మేడంకు ఫోన్ చేశారు. మేడం అంతా విన్నారు. తర్వాత, అదే పేరుతో ఇంకెవరైనా విధవ దొరుకుతారా అని అడిగారు. దొరకరన్నాను. దాంతో ఆమే తేల్చేశారు. షహజాదీ బేగం గారికి ఆరోగ్యం బాగాలేదు. అందుకే రాలేకపోయారు. ఆ మాట నేను వేదిక మీద చదవాలి. చదివితే కన్ఫర్మేషన్‌కు ఏ అడ్డూ ఉండదు.

ఆ సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వీడియోలో విన్న గొంతే, కానీ మాట వేరు.

"నేను పోశాన్ని. బుచ్చన్న కొడుకువటగద తమ్మీ. గులామన్నను చూసినవా? ఎట్లున్నడు? దగ్గుతుండెనా?"

"బాగున్నారు సార్. దగ్గలేదు."

"గడ్డం పెంచిండా?"

"పెంచారు సార్. తెల్లగైంది."

"సభకు రానియ్యకు తమ్మీ. ఆయన నా మొకం చూసి నవ్వుతడు. ఆయన నవ్వితే నేను స్టేజి మీద నిలవడలేను. ఇన్నేండ్ల కష్టం. చైర్మన్ ముంగట ఇజ్జత్ పోతది," అన్నారు. మళ్లీ తనే, "నీ కాగితం నేను చూసుకుంట, ఫికర్ చెయ్యకు," అని పెట్టేశారు.

సభ రోజు ఫంక్షన్ హాలు నిండిపోయింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ స్టీలు టిఫిన్ డబ్బా ఇస్తామని ఆటోలో మైకు పెట్టి చెప్పించాం. రిటైరైన వాళ్లు షిఫ్టుకు వచ్చినట్టు టైముకు వచ్చారు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టాం. మీద చేతులు జోడించిన పోశం గారు. కింద గుండ్రంలో ఒక దీపం బొమ్మ, దాని కింద 'కీర్తిశేషులు గులాం అలీ'. ఫోటో దొరక్క దీపం వేశారు.

చాచా, చాచీ ఆటో దిగి ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి చదువుకున్నారు.

"ఫోటో కావాల్నంటే నేనే ఇస్తుంటి గద," అన్నాడు చాచా.

వెనక కూర్చుంటామన్నవాళ్లను మా వలంటీర్లు ముందుకు తీసుకొచ్చి నాలుగో వరుసలో కూర్చోబెట్టారు. పెద్దలు ముందు కనిపిస్తే వీడియో బాగుంటుందట. నేను వేదిక మీద మైకు పట్టుకుని ఉన్నాను, దిగడానికి లేదు. హాలులో చాచాను ఎరగని వాళ్లు ఉంటే అది వేదిక మీదే. ఎవరూ నవ్వొద్దని ఆయన అప్పటికే వరుసలన్నిటికీ కబురు పంపాడని తర్వాత తెలిసింది. మా నాయిన కూడా గంభీరంగా కూర్చున్నాడు. ఆయన అంత గంభీరంగా మా తాత దినానికి కూడా లేడు.

పేజీ చదివాను. షహజాదీ బేగం గారికి ఆరోగ్యం బాగాలేదని చదివాను. నాలుగో వరుసలో చాచీ పవిట సర్దుకుని, కొంచెం దగ్గింది. తర్వాత పోశం గారు లేచి గులామన్న సంగతి చెప్పారు. ఎప్పటిలా కిందికి చూసి కాకుండా, పైన ఫ్యాను వైపు చూస్తూ చెప్పారు.

చివర నేను ప్రకటించవలసింది ఉంది. "కీర్తిశేషులు గులాం అలీ గారి స్మృతికి అందరం లేచి ఒక నిమిషం మౌనం పాటిద్దాం."

హాలంతా లేచింది. గులాం అలీ చాచా కూడా లేచాడు. టోపీ సర్దుకుని, చేతులు కట్టుకుని, తలొంచి నిలబడ్డాడు. తన కోసం అంత శ్రద్ధగా మౌనం పాటించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన చుట్టూ భుజాలు కదలడం మొదలైంది. ఒకాయన టిఫిన్ డబ్బా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మా నాయిన కండువా నోట్లో కుక్కుకున్నాడు.

చైర్మన్ గారికి తెలుగు రాదు. ఆయన అది ఏడుపనుకున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అందరూ కూర్చున్నాక ఇంగ్లీషులో, ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక మనిషి కోసం ఊరు ఇంతగా ఏడవడం తానెక్కడా చూడలేదని అన్నారు. షహజాదీ బేగం గారికి ఆరోగ్యం బాగాలేదని మనీష మేడం చెప్పారు, అయితే ఆమె రావడమెందుకు, మనమే వెళ్దాం, ఇప్పుడే, అన్నారు. శాలువా చేతిలోకి తీసుకుని లేచారు. కార్లు తిప్పారు. ఇల్లు చూపించడానికి నన్ను ముందు కారులో ఎక్కమన్నారు.

మనీష మేడం నా వైపు చూశారు. వేంకటరమణ సార్ నేల వైపు చూశారు. పోశం గారు ఎటూ చూడలేదు.

నేను ఆలోచించాను. ఆరోగ్యం బాగాలేదని కాగితంలో ఉన్నది చదవడం ఒకటి. ఇంత పెద్దమనిషిని కారులో కూర్చోబెట్టి తాళం వేసిన ఇంటికి తీసుకుపోవడం ఇంకొకటి. అక్కడ రేకుల కింద 'గులాం మెకానిక్' అని ఫోన్ నంబరుతో సహా బోర్డు ఉంది. ఎంత ఆలోచించినా నాకు ఇంకో ఇల్లు తోచలేదు.

"ఇంటికి అవసరం లేదు సార్," అని ఇంగ్లీషులో చెప్పాను. "ఆమె ఇక్కడే ఉన్నారు. నాలుగో వరుస. ఆమె పక్కన ఉన్నాయనే కీర్తిశేషులు గులాం అలీ గారు."

మైకు ఆపడం మర్చిపోయాను. నా ఇంగ్లీషు అర్థం కానివాళ్లకు కూడా పేరు అర్థమైంది. అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఒక్కసారి బయటపడింది.

పోశం గారు వేదిక దిగారు. బయటికే నడుస్తారనుకున్నాను. నాలుగో వరుస దగ్గర ఆగి చాచాను గట్టిగా పట్టుకున్నారు. ఆయన భుజాలు కూడా కదిలాయి. అది నవ్వు కాదు. ఈసారి మైకు ఆపి వెనకే వెళ్లిన నాకు వాళ్ల మాటలు వినిపించాయి.

"ఆ రోజు లాంపు ఇచ్చిపోతే ఏమయితుండె అన్నా? నేను గీన్నే ఏజెంటుగ ఉంటుంటి."

"ఉంటే ఏమైతుండె రా? రోజు ఇద్దరం చాయ్ తాగుతుంటిమి."

ఆ ఒక్క క్షణం ఆయన ఏ సంస్థకూ అధికారి కాదు. తర్వాత కెమెరా అటు తిరిగింది. ఆయన కళ్లు తుడుచుకుని నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

చైర్మన్ వైపు తిరిగి, ముప్పై ఏళ్లుగా తాను ఈ మనిషి కోసం దుఃఖపడ్డానని, ఈ రోజు ఈ సభ ఆయన్ను తనకు తిరిగి ఇచ్చిందని, నమ్మకం అంటే ఇదేనని చెప్పారు. నమ్మకం మా బ్యాంకు నినాదంలో ఉన్న మాట. చైర్మన్ చప్పట్లు కొట్టారు. దంపతులిద్దరినీ వేదిక మీదికి తీసుకుపోయి ఒకే శాలువా ఇద్దరికీ కలిపి కప్పారు. చాచీ ఒప్పుకుంది.

గులాం అలీ చాచాను మాట్లాడమన్నారు. ఆయన మైకును స్పానర్ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"పోశం అబద్ధం చెప్పలే. ఆయన చూసి పోయినప్పుడు నేను సచ్చే ఉంటి. బతికింది ఆ తర్వాత. లాంపు ఇయ్యకుంట పోయింది నేను. తప్పు నాది," అన్నాడు. పోశం గారి వైపు తిరిగాడు. "ఇగ ఇప్పుడన్న పాలసీ ఇయ్యి పోశం. నా పేరు మీదనే ఉందట గద."

హాలు చప్పట్లతో మోగిపోయింది. పోశం గారు మనీష మేడం వైపు చూశారు. మేడం వేంకటరమణ సార్ వైపు చూశారు. సార్ నా వైపు చూశారు. చెప్పవలసింది మళ్లీ నేనే.

"గులాం సురక్ష అరవై దాటిన వాళ్లకు వర్తించదు చాచా."

"గట్లనా," అన్నాడాయన. "అయితే డబ్బా ఇయ్యున్రి, పోత."

పోశం గారు ఎండీ అయ్యారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు చూపించే వీడియో వేరు. అందులో ఒక మనిషి గని నుంచి, మరణం నుంచి తిరిగి వస్తాడు. ఆయన్ను వెతికి పట్టుకున్నది పోశం గారు. అది చూసి కూడా అందరూ ఏడుస్తున్నారట. ఈసారి ఆనందంతో. టార్గెట్లకు ఏ కన్నీళ్లయినా ఒకటే.

నా కాగితం కూడా వచ్చింది. ప్రముఖుల సమక్షంలో ధ్రువీకరించని సమాచారం వెల్లడించినందుకు నన్ను కన్ఫర్మ్ చెయ్యడం లేదని ఉంది. అంటే గులాం అలీ గారు బతికి ఉన్నారన్న సమాచారాన్ని హెడ్డాఫీసు ఇంకా ధ్రువీకరించలేదన్నమాట. కింద పోశం గారి సంతకం ఉంది. సభలోనే సైన్ చేస్తామన్నారు, కొంచెం ఆలస్యమైంది కానీ మాట తప్పలేదు. వేంకటరమణ సార్ నన్ను కూర్చోమని, మంచినీళ్లు ఇచ్చి, మెడలోంచి ఐడీ కార్డు తీసుకున్నారు. ఆయన మొహం చూస్తే ఆయనకే నీళ్లు అవసరమనిపించింది.

ఇంటికి పోబుద్ధి కాలేదు. చాచా షాపు ముందు స్టూలు మీద కూర్చున్నాను. ఆయన ఒక బండి చైను బిగిస్తూ నా మెడ వైపు చూశాడు.

"కార్డు వాపస్ ఇచ్చినవా?"

"ఇచ్చిన చాచా."

"పోశం చేసిండా?"

తలూపాను. ఆయన చైను వదిలేశాడు. "మంచోడే వాడు," అన్నాడు. "మంచోడే. కని మనల్ని సంపనిది వానికి పదవి రాదు." తర్వాత అడిగాడు. "ఇంట్ల చెప్పినవా?"

"లేదు. రేపు చెప్దామని."

"గదే వద్దు. నన్ను చూసి కూడ బుద్ధి రాకపాయెనా నీకు? పైకొచ్చినోడు పైకొచ్చిన అని ముందుగాల్ల చెప్పాలె. లేకుంటే లోపలున్నవనుకొని మంది ఎదురుచూస్తరు. లే, జల్ది పో."

పోయాను. మా నాయిన వాకిట్లోనే ఉన్నాడు. నేను చెప్పులు విడవకముందే అడిగాడు.

"పర్మనెంట్ అయినవా?"

"లేదు నాయిన. తీసేసిన్రు."

ఆయన నా మెడ వైపు చూశాడు. బండి తుడిచే గుడ్డ దులిపి తీగ మీద వేశాడు.

"మరి పోశం?"

"ఎండీ అయిండు."

"ఒక్కడన్న అయిండు తియ్యి," అన్నాడు. ఇంట్లోకి తిరిగి, "పిలగాడు వచ్చిండు, బువ్వ పెట్టు," అని అవ్వను కేకేశాడు. తర్వాత, నాకు తెలిసి మొదటిసారి, నన్ను అడిగాడు.

"తిన్నవా?"